దండలేని పటాలు: బరంపురం నుంచి కలకత్తా వెళ్లి పోర్ట్రెయిట్ గ్యాలరీ చూసిరావడం ఎలా

ఒడిశా బరంపురంలో నాది పటాలు కట్టే దుకాణం. దేవుడి పటాలు, పెళ్లి ఫొటోలు, అన్నిటికంటే ఎక్కువగా పోయినవాళ్ల ఫొటోలు. పెద్దకర్మ నాటికి పటం గోడెక్కాలి కాబట్టి ఈ పనిలో ఎప్పుడూ తొందరే. ఫొటో తెచ్చినవాళ్లు తెలుగువాళ్లయినా ఒడియావాళ్లయినా రెండు మాటలు మాత్రం తప్పకుండా అంటారు. ఒకటి, "కొంచెం తెలుపు చెయ్యండి." రెండోది, "పక్కనున్నవాళ్లని తీసేయండి."

కలకత్తా విక్టోరియా మెమోరియల్‌లో రెండు వందల ఏళ్ల నాటి దొరల బొమ్మల ముందు నిలబడ్డప్పుడు నాకు మా దుకాణమే గుర్తొచ్చింది. డబ్బిచ్చి బొమ్మ వేయించుకున్న ప్రతివాడూ చిత్రకారుడితో ఇలాంటి మాటేదో అనే ఉంటాడు. ఏం చూపించమన్నాడు, ఏం దాచమన్నాడు, ఎవర్ని అంచుకి నెట్టమన్నాడు అని వెతుక్కుంటూ చూస్తే గంటలు తెలియవు. అలా వెతక్కపోతే అరగంటలో కాళ్లు పీకుతాయి.

మా గంజాం, గజపతి జిల్లాల నుంచి కలకత్తా వెళ్లేవాళ్లు ఆసుపత్రి పనికో, కాళీఘాట్ మొక్కుకో వెళతారు. విక్టోరియా ముందు ఫొటో దిగి, గుర్రబ్బండి ఎక్కి వచ్చేస్తారు. లోపలికి వెళ్లినవాళ్లు కూడా "అన్నీ దొరల బొమ్మలే" అని పెదవి విరుస్తారు. నేనూ మొదటిసారి అలాగే అన్నాను. రెండోసారి మా మేనత్తని వెంటబెట్టుకెళ్లాను. మగ్గం ఇంట్లో పుట్టిన మనిషి, డెబ్బై దాటాయి, ఇంగ్లీషు రాదు. బొమ్మ ఎలా చూడాలో నాకు ఆవిడ దగ్గరే తెలిసింది. ఈ రాసేదాంట్లో సగం ఆవిడదే.

1. ముందు మీ ఇంట్లో గోడ చూడండి

బయల్దేరడానికి వారం ముందు ఇంట్లో ఉన్న పాత ఫొటో ఒకటి గోడ మీంచి దింపండి. తాతగారిదో, అమ్మమ్మ పెళ్లిదో. వెనకాల కట్టిన తెరమీద మేడ మెట్లు, స్తంభం, పూలకుండీ ఉంటాయి. అది స్టూడియో మేడ, తాతగారిది కాదు. ఒక చెయ్యి కుర్చీ మీద ఉంటుంది. అప్పట్లో కదలకుండా నిలబడాలి కాబట్టి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఇచ్చేవారు. చేతిలో పుస్తకం ఉంటే, ఆయనకి చదువొచ్చో రాదో ఇంట్లో అడగండి. రాదనే జవాబు వచ్చిన ఇళ్లు నాకు రెండు మూడు తెలుసు.

ఈ స్తంభం, తెర, కుర్చీ, పుస్తకం అన్నీ ఫొటో స్టూడియోలకి వచ్చింది ఆ దొరల తైలవర్ణ చిత్రాల నుంచే. ఎర్ర తెర, లావు స్తంభం, బల్ల, దానిమీద కాగితాలు అని ఆ చిత్రకారులకీ ఒక లెక్క ఉంది. ఇంట్లో ఫొటోతో అలవాటైతే అక్కడ వాటిని ఇట్టే పట్టేస్తారు.

2. రోజు, రైలు

సోమవారం వెళ్లకండి. విక్టోరియా మెమోరియల్ గ్యాలరీలకి సోమవారం సెలవు. జొరాసాంకోలోని ఠాగూర్‌వాళ్ల ఇంటి మ్యూజియానికీ, చౌరంగీలోని ఇండియన్ మ్యూజియానికీ అదే సెలవు. జాతీయ సెలవు రోజుల్లోనూ మూసి ఉంటుంది. ఈ సంగతి తెలియక నేను మొదటిసారి సోమవారమే దిగి, లాడ్జికి ఒక రోజు అద్దె ఊరికే కట్టాను. ఆదివారం జనం ఎక్కువ. క్రిస్మస్ నుంచి జనవరి 1 దాకా అయితే ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది, బొమ్మ బదులు వీపులు చూసి రావాలి. మంగళవారం నుంచి గురువారం లోపు మంచిది. ఎండాకాలం కంటే చలికాలం మేలు, మండపాలన్నీ నడవాలి కదా.

మన ఊరి నుంచి హౌరా సుమారు 600 కిలోమీటర్లు, బండిని బట్టి తొమ్మిది పది గంటలు. మద్రాసు, హైదరాబాదు వైపు నుంచి వెళ్లే బండ్లు చాలావరకు మన ఊళ్లో ఆగుతాయి. అయితే అన్నీ హౌరాకే వెళ్లవు. కోరమాండల్, ఈస్ట్ కోస్ట్ లాంటివి ఇప్పుడు షాలిమార్‌లో ఆగిపోతాయి. షాలిమార్ కూడా హుగ్లీకి అవతలే, కానీ అక్కడ మెట్రో లేదు, టాక్సీవాళ్లతో బేరం తప్పదు. టికెట్ తీసేటప్పుడే చివరి స్టేషన్ ఏదో చూసుకోండి.

ఇంకో చిక్కుంది. మన స్టేషన్ పేరు రైల్వే లెక్కలో బ్రహ్మపూర్. బెంగాల్లో ముర్షిదాబాద్ వైపు ఇంకో బరంపురం ఉంది, ఆ స్టేషన్ పేరు బర్హంపూర్ కోర్ట్. తిరుగు టికెట్ ఫోన్లో తీస్తున్నప్పుడు కంగారులో దాన్ని నొక్కితే ఉత్తరానికి పోతారు. మా వీధిలో ఒకాయన నొక్కాడు కూడా. బండెక్కేముందే చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది.

3. హౌరా నుంచి మెమోరియల్ దాకా

పెద్ద సంచులు స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టేయండి. సంచికి తాళం ఉండాలి, రైలు టికెట్ చూపించాలి. తాళం లేని సంచి తీసుకోరు, కాబట్టి ఇంటి దగ్గరే చిన్న తాళం వేసుకోండి.

2024 మార్చి నుంచి హౌరా స్టేషన్ కిందనుంచే మెట్రో ఉంది. హుగ్లీ నది అడుగున సొరంగంలో వెళుతుంది, నిమిషం లోపే నది దాటేస్తుంది. మా అత్త "నదెక్కడరా?" అని అడిగేలోపే ఎస్‌ప్లనేడ్ దగ్గరికి వచ్చేశాం. అక్కడ దిగి పాత మెట్రో లైను మారి, మైదాన్‌లో గానీ రవీంద్ర సదన్‌లో గానీ దిగితే మిగిలింది నడక. ఒడియా వచ్చినవాళ్లకి బెంగాలీ సగం అర్థమవుతుంది, దారి అడగడానికి మొహమాటపడక్కర్లేదు. ఆకలేస్తే గేటు బయట ఝాల్‌ముడి, ఫుచ్కా బళ్లుంటాయి. మనం గుప్‌చుప్ అనేదే ఫుచ్కా. తినడం అయ్యాకే లోపలికి, లోపల తిండి కుదరదు.

4. రెండు రకాల టికెట్లు

తోటకి ఒక టికెట్, గ్యాలరీలకి ఇంకో టికెట్. "విక్టోరియా టికెట్ ఇవ్వండి" అంటే తోట టికెట్ చేతిలో పడే ప్రమాదం ఉంది. గ్యాలరీ అని నోటితో చెప్పి తీసుకోండి. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి, మనవాళ్లకీ విదేశీయులకీ ధర వేరు. గేటు దగ్గరి బోర్డు మీద ఫొటోల నియమం చదవండి. నియమం ఏదైనా ఫ్లాష్ మాత్రం ఎక్కడా వద్దు. ఆ వెలుగు వార్నిష్ మీద పడి తిరిగి కొడితే మీ ఫోన్లో వచ్చేది తెల్లమచ్చే. చిన్న నోటు పుస్తకం, పెన్సిలు తీసుకెళ్లండి. పెన్ను వద్దు, బొమ్మల దగ్గర సిరా ఉంటే కాపలావాళ్లకి టెన్షన్.

5. భవనం దగ్గర పది నిమిషాలు, రాణి దగ్గర ఇరవై

విక్టోరియా రాణి 1901 జనవరిలో పోయింది. ఆవిడ జ్ఞాపకంగా ఇది కట్టాలన్నది అప్పటి వైస్రాయి కర్జన్ ఆలోచన. 1906లో శంకుస్థాపన, 1921లో ప్రారంభం. నక్షా గీసింది విలియం ఎమర్సన్. పాలరాయి రాజస్థాన్ మక్రానాది, తాజ్‌మహల్‌కి వాడిందీ అదే. ఈ మధ్యలో 1911లో రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మార్చేస్తున్నట్టు ప్రకటించారు. అది చెబితే మా అత్త, "పందిరేసేసరికి పెళ్లివారు వేరే ఊరెళ్లిపోయారన్నమాట" అంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ విమానాలకి కనిపించకుండా ఈ తెల్లటి మేడకి నల్లపూత పూశారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులు పడిన సంగతి మా ఇళ్లలో పెద్దవాళ్లు చెబుతుండేవారు, కాబట్టి ఆ భయం మనకి కొత్త కాదు.

లోపలికి వెళ్లేముందు బయట కంచు విక్టోరియాని బాగా చూడండి. జార్జ్ ఫ్రాంప్టన్ చేసింది. ముసలి రాణి, సింహాసనంలో బరువుగా కూర్చుని ఉంటుంది. తర్వాత లోపల గుమ్మటం కిందికి వెళితే పాలరాతి విక్టోరియా నిలబడి ఉంటుంది. థామస్ బ్రాక్ చేసిన ఈ బొమ్మలో ఆవిడ పడుచుది. మనిషి ఒకరే, బొమ్మలు రెండు. పోర్ట్రెయిట్, అంటే ఒక మనిషిని చూపించే బొమ్మ, చూడటానికి ఇంతకంటే తేలికైన మొదటి పాఠం దొరకదు. ముసలి బొమ్మ ఏం చెప్పమని చేయించారు? పడుచు బొమ్మ ఏం చెప్పమని? రెండు వాక్యాలు నోటు పుస్తకంలో రాసుకోండి.

రాణి బొమ్మలున్న గదిలో ఒక చిట్కా పనికొస్తుంది. ఆవిడ 1837లో పద్దెనిమిదేళ్లకి రాణి అయింది. 1840లో పెళ్లి, అప్పుడు తెల్లబట్టలు వేసుకుంది. భర్త ఆల్బర్ట్ 1861 డిసెంబరులో పోయాడు. అప్పట్నుంచి పోయేదాకా నలభై ఏళ్లు నలుపే కట్టింది. కాబట్టి లేబుల్ చూడకుండానే చీర... కాదు, గౌను రంగుతో ఏ కాలం నాటి బొమ్మో చెప్పేయవచ్చు. మా అత్తకి ఇది ఎంత నచ్చిందంటే, ప్రతి బొమ్మకీ "ముందా, తర్వాతా?" అని నన్ను పరీక్ష పెట్టింది. ఆ గదిలోవి చాలావరకు లండన్‌లో ఉన్న అసలు చిత్రాలకి నకళ్లు. నకలని చిన్నచూపు వద్దు. ఆ రాణి ఇండియాకి ఒక్కసారి కూడా రాలేదు. ఇక్కడివాళ్లకి ఆవిడంటే ఈ నకళ్లే.

6. మూడంటే మూడు బొమ్మలు

మొత్తం ఇరవై అయిదు గ్యాలరీలు. అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడనట్టే. నా పద్ధతి చెబుతాను. ముందు ఒక చుట్టు ఆగకుండా, లేబుళ్లు చదవకుండా, వీధిలో నడిచినట్టు నడవండి. ఏ మొహం దగ్గర కాలు ఆగిందో గుర్తుపెట్టుకోండి. చివర్లో మూడు మొహాలు ఎంచుకుని, ఒక్కోదాని దగ్గరికి మళ్లీ వెళ్లి, పదేసి నిమిషాలు నిలబడండి. పది నిమిషాలంటే ఫోన్లో అలారం పెట్టుకోండి, లేకపోతే ఒకటిన్నర నిమిషానికే పదయినట్టు అనిపిస్తుంది.

నిలబడే చోటు ముఖ్యం. పాత తైలవర్ణ చిత్రాల మీద వార్నిష్ ఉంటుంది, దీపం పడి మెరుస్తుంది. ఎదురుగా కాకుండా ఒక అడుగు పక్కకి జరిగితే మెరుపు పోయి బొమ్మ బయటికొస్తుంది. దుకాణంలో అద్దం పటాలు చూపించేటప్పుడు నేను రోజూ చేసే పనే ఇది.

ఇక చూపు వరస. మొహం చివరికి ఉంచండి. ముందు చేతులు. మొహాన్ని అందంగా వెయ్యడం చిత్రకారుడికి డబ్బిచ్చినవాడి కోసం. చేతుల దగ్గర అసలు పనితనం బయటపడుతుంది. చేతులు వెయ్యడం కష్టం. కొందరి చెయ్యి కోటులో దూరి ఉంటుంది. అది అప్పటి ఫ్యాషనే గానీ చిత్రకారుడికి పని తగ్గించిన ఫ్యాషన్. పిల్లల్ని తీసుకెళితే "దాచిన చేతులు ఎన్ని?" అని లెక్కపెట్టమనండి, గదంతా నిశ్శబ్దం.

తర్వాత మెడ. తల ఒంటికి సరిగ్గా అతికిందా? ఆ కాలంలో పెద్దమనుషులు మొహం వరకే కూర్చునేవారు. బట్టల్ని కొయ్యబొమ్మకి తొడిగి తీరిగ్గా వేసుకునేవారు చాలామంది చిత్రకారులు. నా దగ్గర కూడా అంతే. తాతగారి ఫొటో చొక్కా లేకుండా ఉంటే, కంప్యూటర్లో తల తీసి కోటున్న ఒంటికి అతికిస్తాం. తల కొంచెం ఇటు తిరిగి, భుజాలు అటు తిరిగి ఉంటాయి. తెలిసినవాడు చూస్తే పట్టేస్తాడు. విక్టోరియాలో అలాంటి మెడ ఒకటి కనపడగానే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు, వాళ్లూ మనవాళ్లే అనిపించింది.

వెలుతురు ఎటునుంచి పడుతోందో చూడండి. ఎక్కువ బొమ్మల్లో మన ఎడమ నుంచి వస్తుంది. కుడిచేత్తో వేసేవాడికి తన చేతి నీడ బొమ్మ మీద పడకుండా ఉండాలంటే కిటికీ ఎడమవైపు ఉండాలి మరి.

తర్వాత గుడ్డ. ఇక్కడ మా అత్త మాట చెప్పాలి. ఒక దొరసాని బొమ్మ దగ్గర ఆగింది. దొరసాని మెడచుట్టూ తెల్లటి లేసు, పల్చగా, పువ్వు పువ్వుగా, గాలేస్తే కదిలేలా ఉంది. అత్త బొమ్మకి అడ్డంగా కట్టిన తాడు దాకా వెళ్లి, వంగి, కళ్లజోడు పైకి జరిపి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత రెండడుగులు వెనక్కి వచ్చి చూసింది. మళ్లీ ముందుకి వెళ్లింది.

"ఇది నేత కాదురా, చుక్కలు" అంది.

నేనూ వంగి చూశాను. నిజమే. దగ్గర్నుంచి చూస్తే పువ్వూ లేదు, దారమూ లేదు. తెల్లరంగు చుక్కలు, కొన్ని చోట్ల కుంచె విదిల్చినట్టు గీతలు. వెనక్కి రాగానే మళ్లీ లేసు. బరంపురం పట్టు అంచుమీద కుంభం డిజైను నేసేటప్పుడు ఒక్క పోగు తప్పినా మా తాత ఊరుకునేవాడు కాదట. "వీడెవడో నాలుగు చుక్కలు పెట్టి మనల్నే నేసుకోమన్నాడు" అని అత్త అప్పుడు నవ్విన నవ్వు ఆ హాలంతా వినిపించింది. కాపలా ఆయన ఇటు చూశాడు. మీరూ అలా ముందుకీ వెనక్కీ నడవండి. తాడు దాటకుండా, వేలు చాపకుండా.

ఆఖరికి మొహం. ఒక కన్ను మూసి, అరచెయ్యి అడ్డం పెట్టి బొమ్మలో సగం మొహమే చూడండి. తర్వాత రెండో సగం. ఒక సగం నవ్వుతుంటే రెండో సగం మాట వినని మనిషిలా ఉండవచ్చు. కళ్లు మన వెంటే తిరుగుతున్నాయని పిల్లలు భయపడతారు. దాంట్లో మాయేం లేదు. బొమ్మ చదునుగా ఉంటుంది. నేరుగా చూస్తున్నట్టు వేసిన కన్ను ఎటునుంచి చూసినా నేరుగానే చూస్తుంది. మా దుకాణంలో పోయినవాళ్ల ఫొటోలు కూడా అంతే, ఎటు తిరిగినా నన్నే చూస్తుంటాయి.

7. ఇప్పుడు లేబుల్

చూడటం అయ్యాకే చదవండి. ముందే చదివితే కన్ను పనిమానేస్తుంది. లేబుల్ ఇంగ్లీషులో నాలుగు మాటలు కనిపెట్టండి. చిత్రకారుడి పేరుకి ముందు "ఆఫ్టర్" అని ఉంటే అది అతని చిత్రానికి ఇంకెవరో వేసిన నకలు. "అట్రిబ్యూటెడ్ టు" అంటే అతనే వేశాడని నమ్ముతున్నారు, సంతకం లాంటి రుజువు లేదు. "సర్కిల్ ఆఫ్" అంటే అతని దగ్గర మసలినవాళ్లెవరో వేశారు. "అన్‌నోన్" అంటే తెలియదు. నకలు ఎలా దారి తప్పుతుందో నాకు తెలుసు. మన ఊళ్లోనే 1894లో పుట్టి రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారి ఫొటోలు నేను చాలా కట్టాను. ఫొటో నుంచి ఫొటో, దాన్నుంచి ఇంకోటి తీసుకుంటూ పోతే నాలుగో తరానికి మనిషి మారిపోతాడు.

కొన్ని పేర్లు ముందే తెలిసుంటే లేబుల్ పరాయిగా అనిపించదు. టిల్లీ కెటిల్ 1769లో మద్రాసులో దిగాడు. ఇండియాకి వచ్చి పేరు తెచ్చుకున్న ఇంగ్లీషు పోర్ట్రెయిట్ చిత్రకారుల్లో ముందువాడు. జోఫనీ జర్మనీలో పుట్టి లండన్‌లో పేరు సంపాదించి, 1783 నుంచి 1789 దాకా ఇక్కడ కలకత్తా, లక్నోల్లో బొమ్మలు వేశాడు. జార్జ్ చిన్నెరీ మద్రాసుకొచ్చి, కలకత్తా వెళ్లి, 1825లో అప్పులవాళ్ల బాధ పడలేక మకావుకి పారిపోయాడు. దొరల బొమ్మలు వేసి డబ్బు చేసుకుందామని ఓడెక్కినవాళ్లే వీళ్లంతా. బొమ్మ పరిమాణాన్ని బట్టి ధర. నిలువెత్తు బొమ్మకి ఎక్కువ, నడుము దాకా అయితే తక్కువ, భుజాల దాకా అయితే ఇంకా తక్కువ. నా రేట్ల బోర్డూ అంతే, సైజుని బట్టే.

థామస్ డానియెల్, మేనల్లుడు... కాదు, అన్నదమ్ముడి కొడుకు విలియం డానియెల్ వేసిన చిత్రాలు ఒకే చోట ఎక్కువగా ఉన్నది ఇక్కడే. అవి గుళ్లు, నదులు, కొండలు. మొహాలు చూసి అలిసిపోతే వాటి దగ్గర కాసేపు కూర్చోండి. వెరెష్చాగిన్ అనే రష్యన్ వేసిన జైపూర్ ఊరేగింపు కూడా ఉంది, 1876లో ఇంగ్లండు యువరాజు ఏనుగుల మీద ఊరేగిన సందర్భం. అది గోడంత ఉంటుంది, దూరం నుంచే చూడాలి. ఏ చిత్రం ఏ గదిలో ఉందో మారుతుంటుంది, కొన్నిటిని బాగుచెయ్యడానికి దింపుతారు. కనబడకపోతే కాపలావాళ్లని అడగండి, వాళ్లకి తెలిసినంత లేబుళ్లకి తెలియదు.

8. అంచున నిలబడ్డవాళ్లు

జోఫనీ చిత్రం ఒకటి తప్పకుండా వెతకండి. గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్, అతని భార్య ఆలిపూర్‌లో తమ తోటలో నిలబడి ఉంటారు. వెనక చెట్టు, దూరంగా వాళ్ల భవనం. పక్కన ఒక మనదేశపు పనిమనిషి.

అత్త దొరని చూడలేదు, దొరసానినీ చూడలేదు. "ఆ గుంట పేరేటని రాశారురా?" అంది.

చదివాను. దొర పేరుంది, దొరసాని సంగతుంది, తోట పేరుంది. ఆ అమ్మాయి పేరు లేదు.

"ఎండలో నించోబెట్టినప్పుడు పేరైనా అడగొద్దేటి" అని అత్త ముందుకి నడిచింది. నేను అక్కడే ఉండిపోయాను. మా దుకాణానికి వచ్చే రెండో మాట గుర్తొచ్చింది, పక్కనున్నవాళ్లని తీసేయండి. వీళ్లు కనీసం తీసెయ్యలేదు.

అప్పట్నుంచి పెద్ద బొమ్మ ఏది చూసినా నేను ముందు అంచులు చూస్తాను. గొడుగు పట్టినవాడు, హుక్కా అందించేవాడు, గుర్రం కళ్లెం పట్టుకున్నవాడు, లెక్కల కాగితం పట్టుకున్న గుమాస్తా. ఒక్కోసారి వాళ్ల మొహాలే ప్రాణంతో ఉంటాయి. ఎందుకంటే "తెలుపు చెయ్యి" అని అడగడానికి వాళ్ల దగ్గర డబ్బు లేదు, చిత్రకారుడు చూసింది చూసినట్టు వేశాడు. ఇది నా ఊహే, కానీ పందెం కాస్తాను.

పేరు దక్కినవాళ్లూ ఉన్నారు. కైఫీయతులు, అంటే ఊరూరి చరిత్రలు, రాయించిన కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ మన తెలుగువాళ్లకి తెలిసినవాడే. 1816లో థామస్ హిక్కీ అతని బొమ్మ వేశాడు. ఎర్రకోటులో మెకంజీ, చుట్టూ ముగ్గురు మనవాళ్లు, ఒకరి చేతిలో దుర్భిణి. అందులో ఒకరు కావలి లక్ష్మయ్య అని చరిత్రకారులు అంటారు. కావలి సోదరులు ఏలూరు వాళ్లు, మెకంజీ సేకరణకి వాళ్లే కాళ్లూ చేతులూ. ఆ చిత్రం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది, ఫోన్లో వెతికితే కనిపిస్తుంది. వెళ్లేటప్పుడు రైల్లో దాన్ని పెద్దది చేసి చూడండి, అంచులు చూడటం అలవాటవుతుంది. మెకంజీ 1821లో పోయాడు, సమాధి కలకత్తాలోనే సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానంలో ఉంది. లక్ష్మయ్య తమ్ముడు రామస్వామి దక్కన్ కవుల గురించి ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1829లో అచ్చయిందీ ఆ ఊళ్లోనే.

9. ఓపిక ఉంటే చర్చికి

విక్టోరియాకి మూడు గంటలు చాలు. అంతకంటే ఉంటే మొహాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. బయటికొచ్చి టీ తాగి, టాక్సీలో గవర్నర్ బంగళా దగ్గరి సెయింట్ జాన్స్ చర్చికి వెళ్లండి. జోఫనీ 1787లో వేసిన ఏసుక్రీస్తు చివరి విందు అక్కడ ఉంది. ఇది పోర్ట్రెయిట్ కాదు కదా అంటారేమో. ఊళ్లోవాళ్ల మొహాలు తీసుకొచ్చి శిష్యులకి పెట్టేశాడు ఆయన! ఏసుకి ఒక గ్రీకు పూజారి మొహం. డబ్బు కోసం పట్టిచ్చిన జూడాస్‌కి మాత్రం వేలంపాటలు పాడే ఒక ఇంగ్లీషు వ్యాపారి మొహం పెట్టాడని చెబుతారు. ఊరంతా గుర్తుపట్టే ఉంటారు. బొమ్మ వేయించుకున్నవాడి మాట వినాల్సిన అవసరం లేనప్పుడు చిత్రకారుడు ఏం చేస్తాడో చూడాలంటే ఇదే చోటు. నాకైతే విక్టోరియా కంటే ఇక్కడే ఎక్కువ నవ్వొచ్చింది.

జొరాసాంకో మర్నాటికి పెట్టుకోండి. ఠాగూర్ కుటుంబం ఫొటోలు, బొమ్మలు అక్కడున్నాయి. రవీంద్రుడు అరవై దాటాక కుంచె పట్టి మొహాలు వేశాడు. ఎవరి మొహాలో తెలియని మొహాలు. ఒక్క రోజులో అది కూడా కలిపితే వాటికి అన్యాయం చేసినట్టే.

10. ఇంటికొచ్చాక

తిరుగు రైల్లో అత్త ఏమీ మాట్లాడలేదు. వచ్చిన నాలుగో రోజు దుకాణానికి వచ్చింది. తన పెళ్లి ఫొటో ఉంది, పదేళ్ల కిందట నేనే పెద్దది చేసి కట్టిచ్చాను. అప్పుడు ఎడమ అంచున నిలబడ్డ ఒక అమ్మాయిని కత్తిరించేశాను, అత్త కోడలు అడిగిందని. ఆ అమ్మాయి వాళ్లింట్లో కండెలు చుట్టేదట. పాత ఫొటో ఇంకా ఉందా అని అత్త అడిగింది. ఉంది. నేను పాతవి పారెయ్యను.

మీ ఇంట్లో కూడా ఈ పని చెయ్యండి. పాత కాగితపు ఫొటో అయితే వెనకాల మెత్తటి పెన్సిల్‌తో, గట్టిగా నొక్కకుండా, అంచు దగ్గర పేర్లు రాయండి. ఎడమ నుంచి కుడికి, ఊరు, సంవత్సరం తెలిస్తే సంవత్సరం. బాల్‌పెన్ను వద్దు, ముందువైపు గాడి పడుతుంది, సిరా పాకుతుంది. ఇప్పటి నున్నటి ఫొటోల మీద పెన్సిలు పట్టదు, వాటికి చీటీ రాసి కవర్లో పెట్టండి. పటం కట్టిస్తే అద్దానికీ ఫొటోకీ మధ్య మౌంటు అట్ట పెట్టించండి. మా పక్కనున్న గోపాలపురం సముద్రపు గాలి తేమకి ఫొటో అద్దానికి అతుక్కుపోతే ఇక ఊడదు. ఎండపడే గోడ వద్దు. పెద్దవాళ్లు ఉండగానే పేర్లు అడగండి.

అత్త ఫొటోని ఈసారి అంచులతో సహా కట్టాను. వెనక అట్ట బిగించేముందు పెన్సిలు తీసి అడిగాను. అందరివీ టకటకా చెప్పింది. ఎడమ అంచుకి వచ్చేసరికి ఆగిపోయింది. గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయింది. నేను ఇంకో పటానికి మేకులు కొట్టుకుంటున్నాను. అరగంట తర్వాత లేచి వచ్చి, పేరు చెప్పింది. రాశాను.